పాయింట్ల కారుకు మూడు పనిముట్లు: టెస్ట్ ల్యాంప్, స్పార్క్ టెస్టర్, మల్టీమీటర్ సమీక్ష

పాత కారు స్టార్ట్ కానప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. సెల్ఫే తిరగడం లేదా, లేక సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోవడం లేదా? మొదటిదైతే మల్టీమీటర్ తీయాలి, రెండోదైతే టెస్ట్ ల్యాంప్, స్పార్క్ టెస్టర్. స్పార్క్‌ను వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (స్పార్క్ పుట్టించే కాయిల్ కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్చు), కండెన్సర్ (ఆ స్విచ్చు తెరుచుకునేటప్పుడు మెరుపును అణిచేది) ఉన్న కార్ల మీద ఈ మూడింటినీ ఏళ్ల తరబడి వాడాక నా ఓటు అన్నిటికన్నా చవకైన ల్యాంప్‌కే.

అయితే అందులో నిజమైన ఫిలమెంట్ బల్బు ఉండాలి, 12 వోల్టులు, 5 వాట్లు. ఎల్‌ఈడీ రకం ఈ పనికి నచ్చలేదు. తుప్పు పట్టిన టెర్మినల్ గుండా వచ్చే కాస్త కరెంటుకే అది ధీమాగా వెలిగిపోతుంది. బల్బు సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి కనెక్షన్ బలహీనంగా ఉంటే మసకబారి అసలు సంగతి చెప్పేస్తుంది.

వాడే తీరు ఇది. క్లిప్పు ఇంజిన్‌కు తగిలించి, కీ ఆన్ చేసి, మొన కాయిల్ ప్లస్ మీద పెట్టాలి. వెలగాలి. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే వోల్టేజీని తగ్గించేది) ఉన్న కారులో పాయింట్లు మూసుకుని ఉంటే మసకగా వెలగడం సహజమే, కంగారుపడి వైరింగ్ విప్పనక్కర్లేదు. తర్వాత మొనను కాయిల్ మైనస్ మీదికి మార్చి సెల్ఫ్ కొట్టించాలి. మిణుకు మిణుకుమంటే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నట్టే. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటి ముఖాల మీద పొర పట్టింది. చాలాకాలం కదలకుండా ఉన్న కారులో తరచూ కనిపించేది ఈ పొరే. మందపాటి శుభ్రమైన కాగితం ముక్కను పాయింట్ల మధ్య రెండుసార్లు లాగితే చాలు. అసలు వెలగకపోతే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరును కాయిల్ మైనస్ నుంచి విప్పి మళ్లీ చూడాలి. ఇప్పుడు వెలిగితే తప్పు డిస్ట్రిబ్యూటర్ లోపలిది: పాయింట్లను తెరిచే మడమ (తిరిగే క్యామ్‌కు ఆనుకునే ముక్క) అరిగి అవి తెరుచుకోకపోవడం, కండెన్సర్ షార్ట్ కావడం, లోపలి వైరు ఒరుసుకుని బాడీకి తగలడం. అప్పటికీ వెలగకపోతే కాయిల్ ప్రైమరీ (ప్లస్, మైనస్‌ల మధ్య ఉండే లోపలి తీగచుట్ట) తెగినట్టు.

ల్యాంప్‌కు చేతకానిది స్పార్క్ బలం చెప్పడం. ల్యాంప్ మిణుకుతూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. అప్పుడు గ్యాప్ మార్చుకోగల స్పార్క్ టెస్టర్ కావాలి. ప్లగ్గు విప్పి బ్లాకుకు ఆనించి ‘స్పార్క్ ఉంది’ అనేయడం పాత అలవాటు. 0.7 మి.మీ. గ్యాప్‌ను బయటి గాలిలో దూకడానికి నీరసించిన కాయిల్ కూడా సరిపోతుంది. సిలిండర్‌లో కంప్రెషన్ కింద అదే గ్యాప్‌కు ఎన్నో రెట్లు వోల్టేజీ కావాలి. అందుకే టెస్టర్‌ను 6 మి.మీ.కు పెట్టి, కాయిల్ మధ్య వైరుకు తగిలించి, టెస్టర్ క్లిప్పును ఇంజిన్‌కు ఎర్త్ చేసి చూస్తాను. నీలం తెలుపు మెరుపు, టక్ టక్‌మని చప్పుడు, ఒక్కటీ తప్పకుండా రావాలి. సన్నగా నారింజ రంగులో వస్తే మొదటి అనుమానం కండెన్సర్ మీదే. అది లోపల తెగిపోతే పాయింట్ల దగ్గర పెద్ద పెద్ద మెరుపులు కనిపిస్తాయి, ముఖాలు త్వరగా గుంటలు పడతాయి. కాయిల్ దగ్గర స్పార్క్ బాగుండి ప్లగ్గుల దాకా రాకపోతే మిగిలింది డిస్ట్రిబ్యూటర్ మూత (క్యాప్), దాని లోపల తిరిగే రోటర్. క్యాప్ లోపల నల్లని సన్నగీత ఉందేమో, మధ్యలోని కార్బన్ ముక్క స్ప్రింగుతో సహా ఉందో లేదో చూడాలి. గ్యాప్‌ను ఎక్కువ తెరవకండి, దూకే దారి దొరకని స్పార్క్ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుంటుంది. కార్బ్యురేటర్‌కు దూరంగా పెట్టాలని వేరే చెప్పాలా?

వైరు మధ్యలో తగిలించే నియాన్ బల్బు రకం టెస్టర్ వెలుగుతుందంతే, బలం చెప్పదు. డబ్బు దండగ.

ఇక మల్టీమీటర్. బ్యాటరీ 12.6 చూపిస్తోంది కదా అని సంతృప్తి పడేవాళ్లకు అది ఏమీ చెప్పదు. దాని అసలు విలువ లోడ్ ఉన్నప్పుడు వోల్టేజీ ఎక్కడ పోతోందో పట్టివ్వడంలో ఉంది. ఇంజిన్ అందుకోకుండా కాయిల్ మధ్య వైరును ఎర్త్ చేసి సెల్ఫ్ కొట్టించాలి. బ్యాటరీ దగ్గర 9.6 కన్నా కిందికి పోకూడదు. తర్వాత ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ సీసపు మొద్దు మీద, రెండోది స్టార్టర్ బోల్టు మీద పెట్టి కొట్టించాలి: 0.5 వోల్టు దాటకూడదు. మైనస్ మొద్దు నుంచి ఇంజిన్ బ్లాకుకు 0.3 లోపే ఉండాలి. పిన్ను క్లాంపు మీద కాదు, మొద్దు మీదే పెట్టాలి. రెండింటి మధ్య కంటికి కనపడని పొర వల్లే సగం కార్లు ‘టక్’మని ఆగిపోతాయి. మొద్దు మీద ఒకసారి, క్లాంపు మీద ఒకసారి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇంజిన్ ఎర్త్ పట్టీ పోయినప్పుడు ఇంకో గుర్తు: సెల్ఫ్ కొట్టించాక చోక్ కేబుల్ వేడెక్కుతుంది, కరెంటు దాని గుండా తిరిగి వస్తోంది కాబట్టి.

పాయింట్లకూ ఇదే పద్ధతి. కీ ఆన్, పాయింట్లు మూసి, కాయిల్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు చూస్తే 0.2 వోల్టు లోపు రావాలి. ఎక్కువైతే పాయింట్ల ముఖాలు, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి పలకను బాడీకి కలిపే చిన్న వైరు.

బ్యాలస్ట్ లోపాలు మీటర్ లేకుండానే సగం తెలుస్తాయి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజిన్ అందుకుని, కీ వదలగానే చచ్చిపోతే రెసిస్టర్ తెగింది. సెల్ఫ్ కొడుతుంటే అందుకోక, వదిలే క్షణంలో మాత్రం అందుకుంటే స్టార్టర్ సొలినాయిడ్ నుంచి, రెసిస్టర్‌ను తప్పించుకుని నేరుగా కాయిల్‌కు వచ్చే బైపాస్ వైరు చూడాలి.

కాయిల్ ఓములు కొలిచేటప్పుడు ముందు రెండు పిన్నులూ తాకించి వచ్చిన అంకెను తీసేయాలి. బ్యాలస్ట్ లేని కాయిల్ ప్రైమరీ సుమారు 3 ఓములు, బ్యాలస్ట్‌తో వాడేది 1.5. ఇంత చిన్న కొలతలో పిన్నుల 0.3 ఓము కూడా తప్పుదారి పట్టిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు అంకె సరిపోయినా కాయిల్ మంచిదని రాసివ్వలేం. వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయ్యే కారులో కాయిల్‌నూ కండెన్సర్‌నూ వేడిగా ఉన్నప్పుడే పరీక్షించాలి.

ఆటో రేంజ్ మీటర్లు ఈ పనికి నెమ్మది, అంకె కుదిరేలోపు సెల్ఫ్ ఆగిపోతుంది. రేంజ్ చేత్తో పెట్టుకునేదైనా, అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలను గుర్తుంచుకునే మిన్ మ్యాక్స్ బటన్ ఉన్నదైనా మేలు. డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) చూపించే మీటర్ దొరికితే వదలకండి. గుంటలు పడ్డ పాయింట్ల మధ్య 0.4 మి.మీ. ఫీలర్ గేజ్ అబద్ధం చెబుతుంది, డ్వెల్ చెప్పదు. పిన్నుల వైర్లు మెడ దగ్గర తెగుతాయి, అదనపు జత ఉంచుకోవాలి. 10 ఆంపియర్ల రంధ్రంలో వైరు మరిచిపోయి వోల్టేజీ కొలిస్తే నేరుగా షార్టే.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ బిగించిన కారులో మాత్రం ఈ బల్బు ల్యాంప్‌తో మాడ్యూల్ సిగ్నల్ వైర్ల జోలికి వెళ్లొద్దు. అక్కడ పైన వద్దన్న ఎల్‌ఈడీ రకమే క్షేమం.