24వ వీధిలోని కుట్టు బడి

న్యూయార్క్‌లో ఎనిమిదో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో అక్టోబరు వచ్చిందంటే ఒకటే జపం: పోటీ పరీక్ష రాసి చేరే స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్ హైస్కూళ్లు. ఆ జపంలో ఎవరూ పలకని పేరు హైస్కూల్ ఆఫ్ ఫ్యాషన్ ఇండస్ట్రీస్. మా పెద్దమ్మాయి అక్కడే పదకొండో తరగతి చదువుతోంది. ఆ బడి ఎలా ఉందని అడిగేవారికన్నా అందులో ఎందుకు వేశావని అడిగేవారే ఎక్కువ. ఇద్దరికీ కలిపి ఇదే జవాబు.

ముందు నా సంగతి చెప్పాలి. చీరాలలో మా అమ్మ జాకెట్లు కుట్టి మమ్మల్ని చదివించింది. నేను జాక్సన్ హైట్స్‌లో ఇంట్లోనే జాకెట్లు, లంగాఓణీలు కుడతాను. ఎవరైనా కొత్త బట్ట చూపిస్తే ముందు లోపలి కుట్టు చూస్తాను. బడినీ అలాగే చూశాను.

బడి ఉన్నది మాన్‌హట్టన్‌లోని చెల్సీ అనే పాత పేటలో, 24వ వీధిలో. ప్రసిద్ధమైన చెల్సీ హోటల్ ఈ బడికి ఒక వీధి అవతలే. ఉత్తరంగా నడిస్తే ఒకప్పుడు అమెరికా ఆడవాళ్ల దుస్తులకు పుట్టిల్లయిన గార్మెంట్ డిస్ట్రిక్ట్ వస్తుంది. ఆ కర్మాగారాలకు పనివాళ్లను తయారుచేయడానికి 1926లో మొదలైన బడి ఇది. అప్పటి పేరులోనే సూదిపని ఉండేది, ఫ్యాషన్ అన్న మాట 1956లో వచ్చింది. ఇప్పుడున్న భవనం 1940 నాటిది. పేరున్న ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కూడా 1944లో ఈ భవనం పై రెండు అంతస్తుల్లోనే మొదలై, తర్వాత 27వ వీధికి వెళ్లిపోయింది. మా వాళ్లకు ఆ కళాశాల తెలుసు, దాన్ని పుట్టించిన ఈ బడి తెలియదు!

ఆడిటోరియంలో ఎర్నెస్ట్ ఫీన్ గీసిన పెద్ద కుడ్యచిత్రాలున్నాయి. ఇరుకు గదుల్లో కుట్టిన వలసవాళ్లు, 1911లో 146 మందిని పొట్టనపెట్టుకున్న ట్రయాంగిల్ కర్మాగారం అగ్నిప్రమాదం, ఆ తర్వాత బలపడిన కార్మిక సంఘాలు, ఇదంతా గోడ మీదే ఉంది. వాటికి దర్జీ పనివాళ్ల సంఘాలు డబ్బిచ్చాయి. తల్లిదండ్రుల సమావేశంలో ముందు వరుస కుర్చీ దొరికితే నేను ఉపన్యాసం వినను, ఆ గోడలే చూస్తాను.

ఇక పని. మా అమ్మాయిది ఫ్యాషన్ డిజైన్. మొదట కాగితం మీద కొలతలతో నమూనా గీయాలి, ముతక గుడ్డతో ఒకసారి కుట్టి బొమ్మకు తొడిగి చూడాలి, ముడతలు సరిచేయాలి, ఆపైనే అసలు బట్ట మీద కత్తెర పెట్టాలి. మిషన్లు కర్మాగారాల్లో వాడే రకం, కాలు కాస్త గట్టిగా ఆనిందంటే కుట్టు గుర్రమై పరుగెడుతుంది. నాకు నచ్చిన సంగతి ఒకటే: మార్కులు వేసేముందు టీచరు బట్టను తిరగేసి చూస్తారట. చంక దగ్గర కుట్టు పక్కకు జరిగితే మొత్తం విప్పాల్సిందే. మొదటి ఏడాది మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని ఎన్ని చేతులు విప్పిందో! ఇప్పుడు నేను కుట్టిన జాకెట్టు తెరిచి "ఇక్కడ నూలు తేలుతోంది అమ్మా" అంటోంది. కోపం వస్తుంది కానీ, నిజమే చెబుతోంది.

"కుట్టుపనికి హైస్కూలు ఎందుకు వదినా?" అని మా ఆడపడుచు అడిగింది. లెక్కలు, సైన్సు, రాష్ట్రమంతా రాసే రీజెంట్స్ పరీక్షలు అందరితో పాటు వీళ్లకూ ఉంటాయి. మామూలు హైస్కూలు డిప్లొమానే వస్తుంది, కళాశాలకు దారి మూయదు. కాకపోతే చదువుకు తోడు చేతిపని. ఈ బరువు తేలిక కాదు, శనివారాలు కూడా కత్తిరింపుకే పోతాయి. ప్రభుత్వ బడి కనుక ఫీజు లేదు, రైలు, బస్సు చార్జీలకు నగరమే కార్డు ఇస్తుంది. ఇష్టపడి కొనే బట్టల ఖర్చు మాత్రం మనదే. 37వ వీధి చుట్టుపక్కల దుకాణాల్లో గజం పట్టు ధర విన్నప్పుడు నాకు చీరాల గుర్తుకొస్తుంది.

నాకొక అసంతృప్తి ఉంది, అది బడి మీద కన్నా కాలం మీద. కర్మాగారాలు చాలావరకు వెళ్లిపోయాయి. డిజైను, మార్కెటింగ్, దుకాణాల అద్దాల అలంకరణ లాంటివి ముందుకొచ్చాయి. మంచివే. అయినా చేత్తో కుట్టి బతకగలిగే పనితనానికి ఇంకో రెండు గంటలు ఎక్కువిస్తే నేను సంతోషిస్తాను. చుడీదారు, రవికె కొలతలు మా అమ్మాయికి నేనే ఇంట్లో నేర్పుతున్నాను.

బట్ట అంటే చెయ్యి ఆగని పిల్లలుంటే కళ్లు మూసుకుని చేర్చండి. పోటీ పరీక్ష తప్పింది కదా, ఇదైనా దొరికిందని పంపకండి, మొదటి ఏడాదే విసుగెత్తిపోతారు. దరఖాస్తుకు ముందు పిల్లల చేత ఇంట్లో ఒక లంగా కుట్టించి, తప్పుగా పడిన కుట్టు విప్పమనండి. విప్పి మళ్లీ కూర్చుంటే ఈ బడిని జాబితాలో పైన పెట్టుకోవచ్చు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను.