ఐదు డాలర్ల కాల్చిన కోడి: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకే అమ్మే కాస్ట్‌కో దుకాణాల్లో 4.99 డాలర్లకు దొరికే రొటిసరీ చికెన్ (చువ్వకు గుచ్చి తిప్పుతూ కాల్చిన కోడి) గురించి తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. వండిన మాంసం కావాలనుకుని కొంటే అమెరికాలో ఇంతకు మించిన బేరం దొరకడం కష్టం. కోడి కూరకు సరుకుగా కొంటే మాత్రం అటు కూరా చెడుతుంది, ఇటు కోడీ చెడుతుంది.

ముందు ధర సంగతి. 2009 నుంచి ఇది 4.99 దగ్గరే ఆగి ఉంది. వండిన కోడి 3 పౌన్లు, అంటే సుమారు 1.36 కిలోలు తూగుతుంది. ఓవెన్‌లో పచ్చి కోడి దాదాపు నాలుగో వంతు బరువు కోల్పోతుంది కాబట్టి ఇంట్లో ఇంత కోడి దిగాలంటే 4 పౌన్ల పచ్చి కోడి కావాలి. పౌను డాలరున్నర చొప్పున వేసుకున్నా 6 డాలర్లు. మసాలా, నూనె, కరెంటు వేరే. ఇంట్లో కాల్చుకుంటే ఖర్చు తగ్గుతుందనే లెక్క ఇక్కడ నిలవదు. కంపెనీకి ఈ కోడి మీద లాభం ముఖ్యం కాదు, జనం రావడం ముఖ్యం. అందుకే దాన్ని దుకాణం వెనక వైపున పెడతారు, అక్కడిదాకా నడిచేలోగా బండి నిండుతుంది. 2019లో నెబ్రాస్కాలోని ఫ్రీమాంట్‌లో కోళ్ల ప్లాంటు పెట్టించుకున్నదీ ఈ సరఫరా కోసమే. ఏడాదికి 65 డాలర్ల కార్డు ఫీజును మాత్రం లెక్కలోంచి తీసేయకండి. కోడి ఒక్కదాని కోసమే అయితే కార్డు తీసుకోనక్కర్లేదు.

అసలు లోపం ఉప్పు. లేబుల్ మీద కోడి తర్వాత నీళ్లు, ఉప్పు, సోడియం ఫాస్ఫేట్, మొక్కజొన్న పిండి పదార్థం, క్యారజీనన్ (సముద్రపు నాచు నుంచి తీసే చిక్కదనపు పదార్థం), చక్కెర కనిపిస్తాయి. ఈ ద్రావణాన్ని కండలోకి ఎక్కించాకే కోడిని కాలుస్తారు. ఫాస్ఫేట్ వల్ల కండ నీటిని వదలదు. వేడి దీపం కింద ఉన్నా రొమ్ము మాంసం ఎండకపోవడానికి కారణం అదే. దాని వల్లే కొరికితే కాస్త సాగుతున్నట్టు కూడా ఉంటుంది. 85 గ్రాముల మాంసంలో సుమారు 460 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పావు కిలో తింటే 1,350 దాటుతుంది, రోజు మొత్తానికి పెద్దలకు చెప్పే పరిమితే 2,300. ఫాస్ఫేట్‌లోని సోడియం నాలుకకు ఉప్పగా తగలదు కాబట్టి రుచి చూసి పోల్చుకోలేం. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే ఈ ఒక్క కారణంతోనే ఇంటి వంట వైపు మొగ్గాలి.

కొనేటప్పుడు లేబుల్ మీద సమయం వేసి ఉంటే చూసి, కొత్తగా దించినదాన్ని తీసుకోండి. 2024లో గట్టి ప్లాస్టిక్ డబ్బా పోయి సంచి వచ్చింది. సంచిలో ఆవిరి పట్టి చర్మం మెత్తబడుతుంది, అడుగున రసం కారుతుంది, కాబట్టి కింద ఒక ట్రే ఉంచుకోవాలి. బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. డాలస్ ఎండల్లో కారులో పెడితే ఒక గంటే గడువు. ఇంటికి రాగానే, వేడిగా ఉండగానే కాళ్లకు కట్టిన దారం తెంపి మాంసం ఊడదీయండి. చల్లారితే ఎముకను పట్టేసుకుంటుంది. ముందు లెగ్ పీసులు, తర్వాత రెక్కలు, ఆ తర్వాత రొమ్ము. చివర్లో కోడిని బోర్లా తిప్పితే నడుము దగ్గర వెన్నుకు రెండు పక్కలా రూపాయి బిళ్లంత మెత్తటి ముక్కలుంటాయి, కోడి మొత్తంలో రుచైన మాంసం అదే. చాలామంది అది చూడకుండానే పారేస్తారు. అంతా కలిపి ఏడెనిమిది వందల గ్రాములు వస్తుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది.

ఈ మాంసానికి బాగా కుదిరేది వేపుడు, అదీ తొడ మాంసంతో. 400 గ్రాములకు రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఒక ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చి వాసన పూర్తిగా పోయాకే మాంసం వేయాలి, ఎందుకంటే మాంసం వేశాక వేగడానికి టైము ఉండదు. చెంచా కారం, చెంచా ధనియాల పొడి, అర చెంచా మిరియాల పొడి. ఉప్పు వేయకూడదు. బాణలిలో పరిచి రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. లోపల పట్టి ఉన్న నీరు ముందు బయటికి వస్తుంది, అది ఆవిరయ్యాకే అంచులు ఎర్రబడతాయి. ఊరికే కలుపుతూ ఉంటే పీచుపీచుగా విడిపోయి పొడి కూరలా మిగులుతుంది. మొత్తం ఐదారు నిమిషాల పని.

పలావుకు రొమ్ము మాంసం వాడొచ్చు. అన్నం ఉడకడానికి ఇంకో ఐదు నిమిషాలుందనగా పైన పరిచి మూత పెడితే చాలు. రెండు కప్పుల బియ్యానికి మామూలుగా వేసే ఉప్పులో సగమే వేసి, చివర్లో రుచి చూడండి.

ఎముకలు పారేస్తే మాత్రం ఐదు డాలర్లలో సగం పారేసినట్టే. ఎముకలు, మిగిలిన చర్మం ఆరు కప్పుల నీళ్లలో ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) 45 నిమిషాలు ఉడికించి వడకట్టండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పైన కొవ్వు గడ్డకడుతుంది, కింద రసం జెల్లీలా అవుతుంది. కొవ్వు తీసేసి మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, చిటికెడు పసుపు, కొద్దిగా చింతపండు రసంతో మరిగిస్తే మంచి కోడి చారు. ఉప్పు అవసరమైతే ఆఖర్న.

ఇక కూర. పచ్చి కోడి ముక్కలు మసాలాలో అరగంట ఉడికేటప్పుడు ఎముకల చుట్టూ ఉన్న జిగురు కరిగి పులుసులోకి దిగుతుంది. కూరకు చిక్కదనం అక్కడి నుంచే వస్తుంది. ఉప్పూ పులుపూ కండలోకి దిగేదీ అప్పుడే. కాల్చిన కోడిలో కండ ముందే బిగుసుకుపోయి ఉంటుంది, మసాలా పైపైనే ఆగుతుంది. పదిహేను నిమిషాలు ఉడికేసరికి రొమ్ము ముక్క పీచులుగా విడిపోతుంది, పులుసు పల్చగానే ఉంటుంది. దీనికి సర్దుబాటు ఏదీ లేదు. కూర వండాలంటే ఇండియన్ స్టోర్‌లో ఎముకతో కొట్టించిన ముక్కలే తెచ్చుకోవాలి.

ఇంట్లోనే కాల్చాలనుకునేవాళ్లు చర్మం ఉన్న 4 పౌన్ల కోడిని ఎంచుకోవాలి. స్కిన్‌లెస్ కోడి ఓవెన్‌లో ఎండిపోతుంది, అది కూరకే. కడగడం మానేయండి, నీళ్లతో బ్యాక్టీరియా సింకు చుట్టూ చిందుతుంది, అది చచ్చేది వేడికే. పేపర్ టవల్‌తో తడి అంతా అద్దండి. తడి చర్మం వేగదు, ఉడుకుతుంది. కత్తెరతో వెన్నెముక కత్తిరించి తీసి (చారుకు దాచండి), కోడిని పరిచి అరచేత్తో రొమ్ము మీద నొక్కితే చదునవుతుంది. ఒక టీ స్పూను ఉప్పు అంతటా పట్టించి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఇంత ఉప్పుతో సోడియం దుకాణం కోడి కంటే బాగా తక్కువ. అదే మూడు చెంచాలు వేస్తే ఆ తేడా పోతుంది.

మర్నాడు అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు నూనెలో కలిపి చర్మం కిందికి వేళ్లతో తోయాలి. పైన పూస్తే కోడి ఉడికేలోపే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. పైన నూనె ఒక్కటే చాలు. 425 ఫారెన్‌హీట్‌లో 45 నుంచి 50 నిమిషాలు. గడియారం కంటే థర్మామీటరును నమ్మండి. రొమ్ములో మందంగా ఉన్న చోట 165, తొడలో 175 చూపించాలి, పుల్ల ఎముకకు తగలకూడదు. దించాక పదిహేను నిమిషాలు కత్తి పెట్టకండి. కోసినప్పుడు తొడ ఎముక పక్కన ఎర్రగా కనిపిస్తే కంగారు పడి మళ్లీ ఓవెన్‌లో పెట్టేవాళ్లు చాలామంది. లేత కోళ్ల ఎముకల్లోని మూలుగ రంగు అలా బయటికి దిగుతుంది. 175 చూపించిందంటే ఆ తొడ ఉడికినట్టే.