కాలువ పొంగితే ఎవరి గుమ్మం ఎక్కాలి? సచివాలయమా, సోమవారం అర్జీయా, కార్పొరేటరా?

మా వీధి చివర ఒక కాలువ ఉంది. గట్టిగా గంట వాన పడితే చాలు, చివరి మూడిళ్ల గడపలు దాటి నీళ్లు హాల్లోకి వచ్చేసేవి. ఆ ఒక్క కాలువ కోసం మూడేళ్లలో నేను వార్డు సచివాలయానికి వెళ్లాను, ఫోన్‌లో ఫిర్యాదు పెట్టాను, సోమవారం అర్జీల కౌంటర్ దగ్గర లైన్లో నిలబడ్డాను, కార్పొరేటర్ గారింటికి రెండుసార్లు వెళ్లాను. ఇవన్నీ ఒకే పనికి నాలుగు దారులని, ఏదో ఒకటి తగలకపోదని మొదట్లో అనుకునేదాన్ని. తిరగ్గా తిరగ్గా తెలిసింది, ఒక్కో చోట ఒక్కో రకం పనే జరుగుతుందని. తప్పు గుమ్మంలో నిలబడి అడిగితే అవతల ఉన్నది ఎంత మంచి మనిషైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

మా ఊరి పేరుతో ఇక్కడ పని లేదు. ఆంధ్రలో ఏ నగరపాలక సంస్థలో ఉన్నవాళ్లకైనా ఏర్పాటు ఇంచుమించు ఇదే.

సచివాలయం: ఇంటి పనికి, కాగితం పనికి

వార్డు సచివాలయాలు 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి. పట్టణాల్లో సుమారు నాలుగు వేల మందికి ఒకటి చొప్పున పెట్టారు కాబట్టి ఒక కార్పొరేటర్ పరిధిలో నాలుగైదు ఉంటాయి. లోపల ఒక్కో పనికి ఒక్కో సెక్రటరీ. నీళ్లు, వీధి దీపాలు, రోడ్లు, కాలువలు ఎమినిటీస్ సెక్రటరీవి. చెత్త, పారిశుధ్యం శానిటేషన్ సెక్రటరీవి. ఇంటి ప్లాను, ఆక్రమణల సంగతి ప్లానింగ్ సెక్రటరీ చూస్తారు. పింఛన్లు, పథకాలు వెల్ఫేర్ సెక్రటరీవి. 2025లో జనాభాను బట్టి సిబ్బందిని సర్దారు కాబట్టి మీ సచివాలయంలో ఇప్పుడు ఎవరున్నారో ఒకసారి వెళ్లి కనుక్కోండి. చాలామంది లోపలికి వెళ్లి మొదట కనిపించిన కుర్చీ దగ్గర మొత్తం కథ చెప్పి, "చూస్తామండి" అనిపించుకుని వచ్చేస్తారు. ఎవరిని అడగాలో తెలిసి వెళితే సగం తిరుగుడు తప్పుతుంది.

ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, పింఛను, ఇంటి పన్నులో తేడా లాంటి ఒక ఇంటికి సంబంధించిన పనులకు సచివాలయాన్ని మించింది లేదు. వీటి కోసం కార్పొరేటర్ గారింటి ముందు పొద్దున్నే నిలబడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. మనకు హక్కుగా వచ్చేదాన్ని సిఫార్సుతో అడిగితే అది వాళ్ల దయ అయిపోతుంది. స్మార్ట్‌ఫోన్ వాడగలిగినవాళ్లకు సచివాలయం దాకా వెళ్లే పని కూడా తగ్గింది. 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ, నంబరు 9552300009, ఇలాంటి కాగితాల పనికి బాగానే అక్కరకొస్తోంది.

మా కాలువ సంగతికి వస్తే, ఎమినిటీస్ సెక్రటరీ కుర్రాడు అడిగిన మర్నాడే వచ్చాడు. ఫొటో తీసుకున్నాడు. వారంలో మనుషులొచ్చి పూడిక తీశారు. మేమంతా సంతోషించాం. తర్వాతి వానకు నీళ్లు మళ్లీ హాల్లోకి వచ్చాయి. ఈసారి ఆ అబ్బాయి కాలువ పక్కన కూర్చుని నిజం చెప్పాడు. "మేడమ్, పూడిక ఎన్నిసార్లు తీసినా ఇంతే. అక్కడ కల్వర్టు చిన్నది. పైనుంచి వచ్చే నీళ్లన్నీ దాంట్లో పట్టవు. అది మార్చాలంటే ఎస్టిమేట్ వేయాలి, పైన శాంక్షన్ అవ్వాలి. నా చేతిలో లేదు." మూడేళ్లలో నాకు అందిన అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. ఉన్నదాన్ని శుభ్రం చేయడం ఒక పని, లేనిదాన్ని కట్టించడం ఇంకో పని. మొదటిది ఉద్యోగి చేస్తాడు. రెండోదానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ముందు ఏ వీధికి అని ఎవరో నిర్ణయించాలి.

ఫోన్లో ఫిర్యాదు, సోమవారం అర్జీ

వెలగని వీధి దీపం, రెండు రోజులుగా ఎత్తని చెత్త, పగిలిన కొళాయి పైపు. వీటికి ఫోన్ ఫిర్యాదు మంచిదే. నంబరు వస్తుంది, తేదీ ఉంటుంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. మా కాలువ ఫిర్యాదును పూడిక తీసిన రోజే "పరిష్కారమైంది" అని మూసేశారు. ఒక రకంగా అది అబద్ధం కాదు, పూడిక తీశారు కదా. కానీ పరుపులు ఇంకా డాబా మీదే ఎండుతున్నాయి.

సోమవారం అర్జీ దీనికంటే ఒక మెట్టు పైన. మునుపు స్పందన అనేవారు, 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక. కలెక్టరేట్‌లోనూ నగరపాలక సంస్థ ఆఫీసులోనూ సోమవారం తీసుకుంటారు. అర్జీ ఎంతవరకు వచ్చిందో 1100కు ఫోన్ చేసి అడగొచ్చు. రెండు శాఖల మధ్య నలిగే సమస్యకు నేనైతే నేరుగా ఇక్కడికే వెళ్లమంటాను. కరెంటు స్తంభం రోడ్డు మధ్యలో ఉందనుకోండి. అది మాది కాదంటే మాది కాదని ఇద్దరూ తప్పుకుంటారు. ఇద్దరి పైఅధికారులూ ఒకే గదిలో కూర్చునేది సోమవారమే. మా అర్జీకి మాత్రం "నిధుల లభ్యతను బట్టి చర్య తీసుకుంటాం" అని జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని కోపంతో చింపేయబోయాను. మా పక్కింటి రిటైర్డ్ మాస్టారు ఆపారు. "అమ్మా, పని అవసరమేనని వాళ్లే ఒప్పుకున్న కాగితం ఇది, దాచు" అన్నారు. ఆయన మాటే తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది.

కార్పొరేటర్: వీధి పనికి, డబ్బు పనికి

మా కార్పొరేటర్ ఒక ఆవిడ. ఆవిడ ఇంటికి మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్లాను. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, నా ఎదుటే ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు, ఫోన్ చేశారు. మూడు రోజుల్లో మళ్లీ పూడిక తీశారు! అంటే కార్పొరేటర్ స్థాయి మనిషిని పట్టుకుని సచివాలయంలో అయ్యే పనే చేయించుకుని వచ్చాను. అడగడంలో తప్పు నాదే.

కార్పొరేటర్ అసలు బలం ఆ ఫోన్ కాల్‌లో ఉండదు. ఏఈ ఆమె కింద ఉద్యోగి కాదు, కమిషనర్ కింద ఉద్యోగి. ఆమె బలమంతా కార్పొరేటర్లంతా కూర్చునే కౌన్సిల్ హాల్లో ఉంది. కొంత మొత్తం వరకు పనులను కమిషనర్ మంజూరు చేస్తారు, అది దాటితే స్టాండింగ్ కమిటీకి, ఇంకా పెద్దదైతే కౌన్సిల్‌కు వెళ్లాలి. బడ్జెట్ కౌన్సిల్ ఆమోదించాల్సిందే. ఆ హాల్లో లేచి "నా వార్డులో ఫలానా కల్వర్టు ఎస్టిమేట్ ఎందుకు ఆగింది" అని అడిగే హక్కు మన తరఫున ఆమెకు ఉంది. ఆ ప్రశ్నకు అధికారి నలుగురిలో జవాబు చెప్పాలి, అది మినిట్స్‌లోకి, అంటే సమావేశం రికార్డులోకి ఎక్కుతుంది. మనం కౌంటర్ దగ్గర వందసార్లు అడిగినా మినిట్స్ ఉండవు.

రెండోసారి పద్నాలుగు మందిమి వెళ్లాం. ముప్పై రెండు ఇళ్ల సంతకాలు, రెండేళ్ల వాన ఫొటోలు తేదీలతో, మూసేసిన ఫిర్యాదు నంబరు, మాస్టారు దాచమన్న ఆ జవాబు. అన్నీ కలిపి నాలుగు పేజీలు. ఆ ఇంట్లో వచ్చినవాళ్లతో మాట్లాడేది ఎక్కువగా భర్తగారే. ఆంధ్రలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లకు రిజర్వు అయినా చాలా చోట్ల ఇదే తీరు. "మేడమ్ గారితోనే మాట్లాడతామండీ, హాల్లో అడగాల్సింది ఆవిడే కదా" అని మర్యాదగానే చెప్పాం. ఆవిడ వచ్చి కూర్చుని నాలుగు పేజీలూ చదివారు. రెండు ప్రశ్నలు అడిగారు. రెండూ సరైన ప్రశ్నలే. అలా కాగితం చేతికిచ్చి మాట్లాడినవాళ్లు తన దగ్గరికి వచ్చి చాలాకాలమైందన్నారు. తర్వాతి సమావేశంలో విషయం ఎత్తారు. ఎస్టిమేట్ కదిలింది, టెండరు పిలిచారు, పోయిన వేసవిలో కల్వర్టు పడింది.

అధికారులే చాలు, కార్పొరేటర్లెందుకు అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటను తేలిగ్గా కొట్టేయలేం. విశాఖపట్నాన్నే చూడండి. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో, 98 వార్డులకు. మధ్యలో తొమ్మిదేళ్లు ఒక్క కార్పొరేటర్ కూడా లేడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చెట్లు కూలిపోయింది ఆ తొమ్మిదేళ్లలోనే. నగరాల పరిశుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017లో విశాఖ దేశంలో మూడో స్థానానికి వెళ్లిందీ అప్పుడే. ఇది అధికారుల గొప్పతనమే, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అయినా నా ఓటు కౌన్సిల్‌కే. తుఫాను తర్వాత రోడ్డు మీద చెట్టు తీయాలా వద్దా అని ఎవరూ వాదించరు, ఆదేశం వస్తే పని అవుతుంది. పది కల్వర్టులు కావాలి, డబ్బు మూడింటికే ఉంది అన్నప్పుడు మాత్రం ఏ మూడు అన్నది ఆదేశంతో తేలదు. ఆ మూడు ఎంచినవాళ్లు మళ్లీ మన వీధిలోకి వచ్చి ఓటు అడగాల్సినవాళ్లై ఉండాలి. 2021 మార్చిలో 12 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగినప్పుడు శ్రీకాకుళానికి, రాజమహేంద్రవరానికి ఆ అవకాశం రాలేదు. అక్కడివాళ్లు ఈ మాట నాకంటే బాగా చెప్పగలరు.

తిరిగే కార్పొరేటరా, కూర్చునే కార్పొరేటరా?

కొందరు కార్పొరేటర్లు అస్తమానం కనబడతారు. పెళ్లికి వస్తారు, చావుకు వస్తారు, వినాయకుడి పందిరికి చందా ఇస్తారు. జనానికి దగ్గరగా ఉంటారని పేరు. ఆ ఆత్మీయతను నేను తక్కువ చేయను. మా మావగారు పోయినప్పుడు అంబులెన్స్ దగ్గర్నుంచి శ్మశానంలో కట్టెల దాకా అన్నీ దగ్గరుండి చూసింది అప్పటి కార్పొరేటర్ గారే. అలాంటిది మరిచిపోతామా? ఇంకొందరు వారంలో ఒక రోజు, ఒక వేళ చెప్పి, ఒక చోట కూర్చుంటారు. రిజిస్టర్ పెట్టి అడిగిందల్లా రాసుకుంటారు, పోయిన వారానివి ఎంతవరకు వచ్చాయో చదివి చెబుతారు.

రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే నేను రెండోదే అంటాను. వీధిలో ఎదురైనప్పుడు చెప్పే మాట ధైర్యంగా మాట్లాడగలవాళ్లదే అవుతుంది. వెనక వరస ఇళ్లలో అద్దెకుండే ఇస్త్రీ ఆవిడ కార్పొరేటర్ కారు ఆపి మాట్లాడదు. బుధవారం సాయంత్రం ఆరింటికి వెళితే పేరు రాసుకుంటారని తెలిస్తే వెళుతుంది.

చట్టం కూడా జనం మాట పద్ధతిగా వినే ఈ వైపే ఉంది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలో 243ఎస్ అధికరణం చెబుతోంది, అది 74వ సవరణతో వచ్చింది. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టంలో అయితే ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు: యువకులకు, మహిళలకు, వయసు పైబడినవాళ్లకు, ప్రముఖులకు ఒక్కోటి, ఒక్కో దాంట్లో 15 మంది. అంటే ఒక వార్డుకు అరవై మంది. మీ వార్డులో ఆ పేర్లున్నాయో లేదో అడగండి, లేకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ అడగరు. మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకం కలిపి కడుతున్నాం. నగరపాలక సంస్థ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. మా శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు మెట్ల మీద కూర్చుంటున్నారు, కుర్చీలు చాలక. ఈ ఏడాది ఆ సుంకం ఎంత వసూలైంది, ఎంత ఇచ్చారు అన్నది కౌన్సిల్లో అడగాల్సిన ప్రశ్న. సచివాలయంలో అడిగితే పాపం అక్కడి ఉద్యోగులు బిక్కమొహం వేస్తారు, వాళ్లకు సంబంధం లేదు.

కాబట్టి మీ చేతిలో ఉన్నది ఒక ఇంటి పనైతే సచివాలయానికి, పాడైనది బాగుచేయాలంటే ఫోన్‌కు, శాఖల మధ్య ఇరుక్కుంటే సోమవారానికి వెళ్లండి. కొత్తగా కట్టాల్సింది, డబ్బు కేటాయించాల్సింది అయితే కార్పొరేటర్ దగ్గరికే, ఒంటరిగా కాకుండా వీధంతా కలిసి, కాగితంతో. వెళ్లే ముందు మిగతా మూడు చోట్ల అడిగి ఆ నంబర్లు, జవాబులు దగ్గర పెట్టుకోండి. మా నాలుగు పేజీల్లో రెండు అవే.

ఈ వర్షాకాలం నీళ్లు గడప దగ్గరే ఆగాయి. కల్వర్టుకు అటువైపు కాలువ గోడ ఇంకా కట్టలేదు, ఇరవై మీటర్లుంటుంది. సంతకాల కాగితం ఇప్పుడు పై వీధిలో తిరుగుతోంది. ఈసారి దాంట్లో గ్రంథాలయం కుర్చీలు కూడా రాశాం.