తీసి ఇంట్లో పెట్టుకునే బ్యాటరీ: నాలుగేళ్లు వాడాక నా మాట

మాది కోనసీమలో ఒక లంక ఊరు. బడికి రానూ పోనూ రోజూ 14 కిలోమీటర్లు. 2021లో ఈ ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. స్పీడు, మోటారు సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. నాకు ఇందులో ప్రాణం ఒక్కటే. సీటు ఎత్తి, ప్లగ్గు లాగి, పిడి పట్టుకుని బ్యాటరీని ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

దాని విలువ 2022 జూలై వరదలో తెలిసింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మా కాజ్‌వే అంతకు ముందే మునిగింది. బియ్యం, సర్టిఫికెట్ల సంచి, ఆ తర్వాత బ్యాటరీ మేడ మీదికి చేర్చాం. బండి మాత్రం అరుగు పక్కన ఫుట్‌బోర్డు దాకా నీళ్లలో నిలబడింది. నీరు తీశాక ఒండ్రు కడుగుతూ, "బండిలో ఖరీదైనదంతా పైన భద్రంగా ఉంది" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. భద్రంగా లేదని దసరా ముందు తెలిసింది.

పైకి తెచ్చేటప్పటికే ఛార్జింగ్ ఒక్క గీత ఉంది. కరెంటు లేదు, ఉన్నా ఆ రోజుల్లో ఛార్జింగ్ ఎవరికి గుర్తొస్తుంది! మోటారుని నడిపించే కంట్రోలర్ పెట్టెలో నీళ్లు చేరాయని బండిని రిపేరుకి ఇస్తే, ఆ పార్టు రావడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ బ్యాటరీ రేకుల గదిలో గోనె సంచి మీద అలాగే ఉండిపోయింది. బండి రాగానే ఛార్జర్ పెట్టాను. వెంటనే పచ్చ లైటు వెలిగింది. ఫుల్లుగా ఉందని ఎంత సంతోషపడ్డానో! బండిలో పెట్టి తాళం తిప్పితే మీటరు చీకటి. తీశాను, పెట్టాను, పిన్నులు తుడిచాను. మళ్లీ అదే పచ్చ లైటు, అదే చీకటి.

కొన్న షాపులో విప్పి చూడకుండానే, ఖాళీగా వదిలేస్తే వారంటీ రాదు, కొత్తది వేసుకోండి అన్నారు. ధర విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి అమలాపురంలో బ్యాటరీలు బాగుచేసే ఒకాయన మూత తీసి వోల్టులు కొలిచే మీటరు పెట్టి చూపించారు. "టీచర్ గారూ, లోపలుండే చిన్న చిన్న సెల్స్ మరీ దిగిపోతుంటే, వాటిని కాపాడే లోపలి బోర్డు లైను కట్ చేసేసింది. ఛార్జర్‌కి కరెంటు తీసుకునేవాళ్లే లేరు, అందుకే పచ్చ లైటు" అన్నారు. సెల్స్ 13 వరుసలుంటే, 11 వరుసలు ఒక్కోటి రెండున్నర వోల్టుల దగ్గర ఉన్నాయి. మిగతా రెండూ ఒకటిన్నర కూడా లేవు. అంత దిగినవాటికి మళ్లీ ఛార్జింగ్ ఎక్కిస్తే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉందని వాటిని మార్చారు. మిగిలినవాటికి చాలా తక్కువ కరెంటుతో, దగ్గరే కూర్చుని, ఒక పగలంతా ఎక్కించారు. ఆయన ఓపికకు ఇప్పటికీ దండం పెడతాను.

వాడకపోయినా లోపలి బోర్డు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుందట. తీసి పక్కన పెట్టే సౌకర్యం ఉండబట్టే నేను దాన్ని మర్చిపోయాను కూడా. ఇంకో మాట, "మోయడం తేలికే" అని అప్పట్లో అందరికీ చెప్పేదాన్ని. పది కిలోలకు పైనే ఉంటుంది, దాన్ని మెట్లు ఎక్కించడం మా అమ్మ వల్ల కాదు. రోజూ పీకి పెట్టడం వల్ల ప్లగ్గు కూడా వదులైంది. వానాకాలం చెమ్మకి పిన్నులు నల్లబడితే అక్కడ వేడెక్కుతోంది, పొడి గుడ్డతో తుడుస్తూ ఉండాలి.

ఎండాకాలం మాత్రం బడి నుంచి రాగానే ఛార్జర్ పెట్టను. నాపరాయి మీద దించి, చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలే దాకా ఆగుతాను. రోజూ ఫుల్లు చెయ్యను, 80 శాతం నాకు చాలు. సెల్స్ అన్నీ సమానం కావాలని నెలకోసారి పూర్తిగా నింపుతాను.

మొదట్లో 60 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 45 వస్తోంది. మా రోడ్లు చదును, నా తిరుగుడు తక్కువ, ఇల్లు మేడ. అందుకే ఈ బండి నాకు సరిపోయింది, మళ్లీ కొన్నా ఇలా తీసే బ్యాటరీదే కొంటాను. రోజూ రాజమండ్రి దాకా వెళ్లొచ్చేవాళ్లకి, మూడో అంతస్తులో ఉండేవాళ్లకి ఇదే మాట చెప్పలేను.

ఇప్పుడు ధవళేశ్వరం దగ్గర మొదటి వరద హెచ్చరిక అనగానే, కరెంటు ఉండగానే, బ్యాటరీని సగానికి ఛార్జ్ చేసి పైన చెక్క బల్ల మీద పెడతాను. పక్కనే గోడ మీద తేదీ రాస్తాను. నెల తిరగ్గానే మీటరు పెట్టి చూసి, ఆ తేదీ కొట్టేసి కొత్తది వేస్తాను.