బుడాపెస్ట్ ఎమ్1 మెట్రో: మెట్లు దిగేముందు బోర్డు చూడండి

1896లో మొదలైన ఈ లైన్ ఇవాళ్టికీ ఊరి జనాన్ని మోస్తోంది. నాకు నచ్చేది అదే, ఇది మ్యూజియం బొమ్మ కాదు. ఆంద్రాషి అవెన్యూ అందం ట్రామ్ పట్టాలతో పాడవకూడదని రైలును నేల కిందికి దింపారు. పైనుంచి తవ్వి, మళ్లీ కప్పేశారు కాబట్టి లోతు తక్కువ. కొద్ది మెట్లు దిగగానే తెల్లటి టైల్స్, రివెట్లు కొట్టిన ఇనుప స్తంభాలు, పసుపుపచ్చ చిన్న బోగీలు.

చిక్కల్లా దిక్కుతోనే. చాలా స్టేషన్లలో ఒక్కో దిక్కుకి రోడ్డుకి చెరోపక్క వేరే మెట్లున్నాయి. తప్పు వైపు దిగితే మళ్లీ పైకొచ్చి రోడ్డు దాటాల్సిందే. పేపర్ టికెట్ అయితే రైలెక్కక ముందే మెషిన్‌లో ముద్ర వేయించాలి. ఎమ్2, ఎమ్3 మెట్రో లైన్లకు డెయాక్ చౌక్ స్టేషన్‌లో మారాలి; ఎమ్4 అక్కడికి రాదు. చాలాచోట్ల లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే.