మారుతి 800 ఇగ్నీషన్ స్విచ్: మొత్తం తాళం సెట్ కొనక్కర్లేదు

కీ తిప్పితే ఇంజన్ అందుకుంటుంది, చెయ్యి వదలగానే ఆగిపోతుంది. లేదంటే కీని కాస్త కదిపితేనే వైపర్, ఇండికేటర్ పనిచేస్తాయి. పాత మారుతి 800లో ఈ జబ్బు కనిపిస్తే చాలా షాపుల్లో స్టీరింగ్ లాక్, కీ సిలిండర్, స్విచ్ కలిసిన మొత్తం తాళం సెట్టే చేతిలో పెడతారు. అది దండగ ఖర్చు. సాధారణంగా పాడయ్యేది కీ దూరే సిలిండర్ కాదు, దాని వెనకున్న కాంటాక్టుల ముక్క, అంటే అసలు స్విచ్. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వైర్లు, కప్లర్‌తో (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుతో) సహా ఆ ముక్క ఒక్కటే అడిగి చూడండి. సెట్ మారిస్తే స్టీరింగ్ లాక్‌ను పట్టుకున్న తల తెగే బోల్టులకు (బిగించగానే తల విరిగిపోయి, మళ్లీ స్పానర్‌కు అందనివి) డ్రిల్ పెట్టాలి, పైగా తలుపులకో తాళంచెవి, ఇంజన్‌కో తాళంచెవి.

కొనేముందు బ్యాటరీ 12.6 వోల్టులు ఉందో లేదో చూడండి. తర్వాత సెల్ఫ్ మోటార్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్) మీదుండే సాలినాయిడ్ అనే కరెంటు మీటకు వెళ్లే సన్న వైరుకు టెస్ట్ లాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, కీ తిప్పించండి. లాంప్ బాగా వెలిగినా సెల్ఫ్ తిరగకపోతే తప్పు స్విచ్‌ది కాదు. కీ ఆన్‌లో పెట్టి, బ్లోయర్ వేసి, స్విచ్‌కు వచ్చే వైరుకూ బయటికి వెళ్లే వైరుకూ మధ్య వోల్టులు చూపే మీటర్ పెట్టండి. 0.2 వోల్టులు దాటితే లోపల రాగి కాలినట్టే.

కంపెనీ పార్టుకూ పేరులేని సరుకుకూ తేడా చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. చవక దాంట్లో వైర్లు సన్నగా ఉంటాయి, కప్లర్ పిన్నును వేలితో నొక్కితే వెనక్కి పోతుంది. అలా పోయిన పిన్ను సరిగా ఆనక వేడెక్కుతుంది, చివరికి కప్లరే కరుగుతుంది. వైరు పాతదానికంటే సన్నగా ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు.

బిగించడం గంట పని. 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ తీసేయండి. స్టీరింగ్ కింది కవర్ స్క్రూలు విప్పి, కప్లర్ ఊడదీసి, స్విచ్ వెనకున్న చిన్న స్క్రూలు తీస్తే ముక్క చేతికొస్తుంది. కీ లాక్‌లో ఉండగానే తీయాలి, అక్కడే పెట్టాలి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. సిలిండర్ నాలుక స్విచ్ గాడిలో కూర్చోకముందే స్క్రూ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. బ్యాటరీ కలపకముందే కీని స్టార్ట్ దాకా తిప్పి వదలండి. దానంతటదే ఆన్‌కు రావాలి. రాకపోతే ఇంజన్ అందుకున్నాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉండి మాడిపోతుంది.

కొత్తది మన్నాలంటే స్టార్ట్ వైరుకు 12 వోల్టుల, 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే మీట) పెట్టండి. రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి. స్విచ్ నుంచి వచ్చే వైరు 86కు, బాడీ ఎర్త్ 85కు, ఫ్యూజు మీదుగా బ్యాటరీ 30కి, సాలినాయిడ్ 87కు. కరెంటు బరువు రిలే మోస్తుంది, స్విచ్ సైగ మాత్రమే చేస్తుంది. పాటల డబ్బా, అదనపు హారన్ కూడా స్విచ్ వైరు నుంచి లాక్కోకండి.

కీకి గుత్తి వేలాడదీయడం మరో పాపం. 2014లో జనరల్ మోటార్స్ షెవ్రొలే కోబాల్ట్ వంటి కార్లను లక్షల్లో వెనక్కి పిలిపించింది ఇలాంటి లోపానికే: తాళాల బరువుకు, కుదుపులకు స్విచ్ ఆన్ నుంచి జారి, నడుస్తుండగానే ఇంజన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు.

ఆన్‌లో ఉండగానే కీ బయటికి ఊడివస్తుంటే మాత్రం సిలిండర్ అరిగినట్టు. అప్పుడు సెట్టే కొనాలి.