అనంతపురంలో నాలుగు పొద్దులు, ఒక సెవెన్ ఐరన్

గోల్ఫ్ నేర్చుకోవడానికి అనంతపురం వెళ్తున్నానంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గర ఒక కోర్సు ఉంది, గచ్చిబౌలి వైపు ఇంకోటి ఉంది. వాటిని వదిలి, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలకి పోవడమేంటని మావారు అడిగారు.

నాకున్న కారణం ఒక్కటే. ఏడు నెలలుగా నగరం అంచున ఒక డ్రైవింగ్ రేంజ్‌కి, అంటే గోల్ఫ్ బంతులు కొట్టి సాధన చేసే చోటికి, వెళ్తున్నాను. అక్కడి కోచ్ మంచి ఆటగాడు, ఓపిక కూడా ఉంది. అరగంట క్లాసులో ఫోన్‌తో వీడియో తీసి చూపిస్తాడు. తల కదిలింది, మోచెయ్యి వంగింది, నడుము ముందే తిరిగింది, పట్టు మారింది అంటాడు. ఏదీ అబద్ధం కాదు. కానీ బంతి ముందు నిలబడేసరికి అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి భుజాలు బిగుసుకుపోయేవి. స్వింగ్ మొదలు నుంచి చివరిదాకా రెండు సెకన్లు పట్టదు. అన్ని జాగ్రత్తలు అందులో ఎక్కడ పడతాయి? ఆడటం మానేద్దామా అన్నంత టెన్షన్ వచ్చేది.

మా ఆఫీసులో ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు సుబేదార్‌గా రిటైరయ్యారు. కంటోన్మెంట్‌లో గోల్ఫ్ కోర్సు బాధ్యత చూస్తూ ఆట నేర్చుకున్నారట. నేను ఆయన్ని బాబాయ్ గారు అంటాను. ఇప్పుడు అనంతపురం బయట తన పొలంలో ఒక మూల ఇద్దరు ముగ్గురికి నేర్పుతున్నారు. జనవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను.

కాచిగూడలో పొద్దున్నే వందే భారత్ ఎక్కితే కర్నూలు మీదుగా పదకొండు గంటల ప్రాంతంలో అనంతపురంలో దిగుతాం. గోల్ఫ్ బ్యాగు పొడుగ్గా ఉంటుంది కాబట్టి పై రాక్‌లో పట్టదేమోనని భయపడ్డాను. నేను తీసుకెళ్లింది మూడు క్లబ్బులే (బంతిని కొట్టే కర్రలు), పట్టింది. ఆటలో పద్నాలుగు దాకా వాడొచ్చుగానీ నేర్చుకోవడానికి మధ్య దూరాలకి సెవెన్ ఐరన్, దగ్గరి దెబ్బలకి వెడ్జ్, బంతిని నేల మీద దొర్లించడానికి పట్టర్ చాలని ఆయన ముందే చెప్పారు.

బస సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సాధన పొద్దున ఐదున్నరకే మొదలవుతుంది. మొదటి రెండు రాత్రులు హైవే వైపు ఒక కొత్త హోటల్లో ఉన్నాను. రోజుకి 2,200. పక్క దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, వేడినీళ్లు వెంటనే వస్తాయి. కానీ తెల్లవారకముందు ఆటో దొరకదు. రిసెప్షన్‌లో రాత్రే చెప్పి పెట్టినా మొదటిరోజు ఆటో రాలేదు, చలిలో అరగంట నిలబడ్డాను. మూడోరోజు క్లాక్ టవర్ దగ్గర ఒక లాడ్జికి మారాను. 900. నీళ్లు ఉప్పగా ఉన్నాయి. బాత్రూం గడియ పడలేదు, చెప్తే గంటలో బాగుచేయించారు. ఒంటరిగా వచ్చానని తెలిసి కౌంటర్‌కి దగ్గరగా ఉన్న గది ఇచ్చారు. ఐదింటికి కిందే టీ, గేటు బయటే ఆటో. పిల్లాపాపలతో వెళ్తే మొదటిది మేలు. ఆట కోసమే వెళ్తే నేనైతే లాడ్జికే ఓటేస్తాను.

పొలం బుక్కరాయసముద్రం దాటాక ఉంది. బుడ్డలు (వేరుశనగ) పీకేసిన ఎర్రనేల. యాభై, డెబ్బై ఐదు, వంద మీటర్ల దగ్గర సున్నం పూసిన రాళ్లు పెట్టారు. ఒక మూల చదును చేసిన ఇసుక వృత్తం ఉంది. నీళ్లు చాలని చోట్ల హోల్ చుట్టూ ఉండే పచ్చిక గ్రీన్ బదులు ఇసుకలో నూనె కలిపి గట్టిపరుస్తారు, దాన్ని ‘బ్రౌన్’ అంటారట. మనం నడిస్తే పడిన అడుగుల్ని ఒక చెక్కతో లాగి సాపు చేసుకోవాలి. నియమం ప్రకారం హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు. ఆయన ఇంటి డ్రైనేజీకి వేసే 110 ఎం.ఎం. పైపు ముక్కని పాతిపెట్టారు.

మొదటి పొద్దు సెవెన్ ఐరన్ బ్యాగులోంచి తియ్యనివ్వలేదు. పద్దెనిమిది హోల్స్‌కి పార్, అంటే మంచి ఆటగాడికి పట్టే దెబ్బలు, 72 అనుకుంటే, హోల్‌కి రెండు చొప్పున అందులో 36 పట్టింగ్‌వే అని లెక్క చెప్పి పట్టర్ చేతికిచ్చారు. చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని బంతిని తోయమన్నారు. “కళ్లు తెరవాకుమ్మా. పైపుకి ఇవతల ఆగిందా, దాటిపోయిందా? ముందు నువ్వు చెప్పు.” మొదట్లో ఏం చెప్పినా తప్పే. ముప్పై నలభై బంతుల తర్వాత బంతి ఆగిన చోటు జానెడు తేడాలో చెప్పగలిగాను. అరికాళ్లు, మణికట్లు ఏదో లెక్క కడుతున్నాయని అప్పుడు తెలిసింది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది తన పట్టింగ్‌తోనే, డ్రైవ్‌లో, అంటే మొదటి పొడుగు దెబ్బలో, ఆమెకంటే దూరం కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారని బాబాయ్ గారు ఎంతో ఇష్టంగా చెప్పారు.

రెండో పొద్దు పౌడర్ డబ్బా తెచ్చారు, ముఖానికి రాసుకునేదే. క్లబ్ ముఖం మీద పల్చగా చల్లి కొట్టమన్నారు. కొట్టగానే క్లబ్ వైపు చూడకూడదు, బంతి వెళ్లిన వైపూ చూడకూడదు. “యాడ తగిలింది?” అని అడుగుతారు. మధ్యలోనా, చివరనున్న టో వైపా, కడ్డీ దగ్గరి హీల్ వైపా? నేను చెప్పాకే క్లబ్ తిప్పి చూపిస్తారు. తెల్లటి పొడిలో బంతి గుంటల అచ్చు, అణా కాసంత గుండ్రంగా, స్పష్టంగా కనబడుతుంది. బంతి, క్లబ్ ఆనుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. అయినా చేతులకి తెలుస్తుంది. టో వైపు తగిలితే పిడి వేళ్లలో సన్నగా మెలి తిరుగుతుంది. హీల్ వైపు తగిలితే మొద్దుగా మోచేతి దాకా అదురుతుంది. మధ్యలో తగిలితే చేతిలో ఏమీ ఉండదు, చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఆ పొద్దు ఇరవై బంతుల్లో ఐదు మాత్రమే సరిగ్గా చెప్పాను.

మూడోరోజు ప్రశ్న మారింది. పట్టు ఒకటి నుంచి పదిలో ఎంత? క్లబ్ పైకెత్తినప్పుడు ఎంత, దించేటప్పుడు ఎంత? పైకెత్తినప్పుడు నాలుగు అన్నాను. దించేటప్పుడు ఎంతో నాకే తెలియలేదు. ఇంకో పది బంతులు కొట్టాక దొరికింది. పైన మలుపు దగ్గర నా కుడి బొటనవేలు పిడిని నొక్కేస్తోంది, అదే క్షణంలో ఊపిరి కూడా ఆగుతోంది. ఏడు నెలల వీడియోల్లో ఇది ఎవరికీ కనపడలేదు. కనపడేది కాదు కూడా, అది లోపల జరిగేది. బొటనవేలు వదులు చెయ్యమని ఆయన అనలేదు. “తెలిసింది కదా, గమనిస్తా కొట్టు” అన్నారంతే. కాసేపటికి బంతులు వాటంతట అవే తిన్నగా లేవడం మొదలెట్టాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎనిమిదిన్నరకల్లా ఎండ. తర్వాత ఆకలి. క్లాక్ టవర్ వైపు బండి మీద ఉగ్గాణి, మిరపకాయ బజ్జి తినండి, పప్పుల పొడి దండిగా వేస్తారు. ఒకరోజు బాబాయ్ గారింట్లో జొన్నరొట్టె, ఊరిబిండి పెట్టారు. దాని రుచి హోటల్లో దొరకదు.

మధ్యాహ్నాలు ఖాళీ. ఒకరోజు బస్సులో తాడిపత్రి వెళ్లి చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుణ్ణి చూసొచ్చాను. ఆ ఒక్క మధ్యాహ్నం చాలదు. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల క్రీడాగ్రామం గురించి కూడా విన్నాను. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి పెట్టింది ఈ ఊళ్లోనే. కరువు జిల్లాగా పేరుపడ్డ చోట ఆటలకి ఇంత చోటు దొరకడం నాకు చాలా నచ్చింది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. పొలంలో టాయిలెట్ లేదు, ఆడవాళ్లు బయల్దేరే ముందే చూసుకోవాలి. మట్టిలో గులకరాళ్లు ఉన్నాయి. చాప మీద పెట్టి కొట్టినా నా వెడ్జ్ అంచుకి రెండు గాట్లు పడ్డాయి, కొత్త ఖరీదైన క్లబ్బులు తీసుకెళ్లకండి. ఫిబ్రవరి దాటితే ఎండకి తట్టుకోలేం. బంకర్ (ఇసుక గుంట) లేదు, అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ డ్రైవర్‌తో కొట్టేంత చోటు లేదు. అవి నేర్చుకోవాలంటే హైదరాబాద్ కోర్సులకో, హైవే మీద రెండొందల కిలోమీటర్ల పైన ఉన్న బెంగళూరుకో పోవాల్సిందే. అక్కడి గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. గోల్ఫ్ అసలే ముట్టుకోనివాళ్లు కూడా ముందు ఏదైనా రేంజ్‌లో నెల రోజులు పట్టు, నిలబడే తీరు నేర్చుకుని వెళ్లడం మంచిది. అవి చెప్పి నేర్పించాల్సినవే, మన లోపల వెతికితే దొరకవు.

బాబాయ్ గారు ఫీజు తీసుకోరు. రెండు డజన్ల బంతులు ఇస్తే తీసుకున్నారు.

చివరి పొద్దు మళ్లీ పౌడర్, ఇరవై బంతులు. మధ్యలో తగిలినవి తొమ్మిదే. కానీ ఎక్కడ తగిలిందో పదిహేడుసార్లు సరిగ్గా చెప్పాను. ఆయన తొమ్మిది సంగతి ఎత్తలేదు, నా చేతిలోంచి క్లబ్ తీసుకుని గుడ్డతో తుడుస్తూ, “తప్పిన మూడూ ఎప్పుడు తప్పినాయో యాదికుందా?” అని అడిగారు. ఉంది. మూడూ వంద మీటర్ల రాయి వైపు చూసి కొట్టినవే.

వచ్చిన వారమే రేంజ్‌కి వెళ్లాను, బ్యాగులో పౌడర్ డబ్బాతో. వీడియో తీసే ముందు నన్నొక మాట అడగమని మా కోచ్‌కి చెప్పాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, “ఎక్కడ తగిలింది మేడమ్?” అన్నారు.